తొమ్మిదో అభ్యాసం: నాన్న తల

బుధవారం పొద్దున్న శంకరరావు పెట్టుకున్న పనులు నాలుగే. తలకి నూనె రాసుకోవడం, దువ్వుకోవడం, కూతురి దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకోవడం, పది గంటలకల్లా దాన్ని ఆఫీసులో ఇచ్చెయ్యడం. మొదటి రెండు పనులకీ కలిపి నలభై నిమిషాలు పట్టేది. మిగతావి ఎంతసేపు పట్టినా ఆయనకి పట్టింపు లేదు.

శంకరరావుకి యాభై ఆరేళ్ళు. ఆ ఈడుకి, హిందీ మాట్లాడే ఆ రైల్వే ఊళ్ళో ఆయనుండే కుదుదండ్‌లో మగవాళ్ళ తలలు సగం పలచబడ్డాయి, సగం తెల్లబడ్డాయి. ఈయన జుట్టు మాత్రం ఒత్తుగా, నల్లగా, నుదుటి మీంచి మెడదాకా నిగనిగలాడుతూ ఉండేది. రంగు కాదు. మందారాకు, కరివేపాకు వేసి కాచిన కొబ్బరినూనె మహిమ అని అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు గానీ, జుట్టున్న శంకరరావు ముప్పై ఏళ్ళుగా ఒకే పాపిడి తీశాడు. ఎడమవైపు, స్కేలు పెట్టి గీసినట్టు.

ఆ వారం జుట్టు మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టడానికి కారణం ఉంది. వచ్చే మంగళవారం రైల్వే వారోత్సవంలో పెద్దసాబ్ చేతుల మీదుగా ఆయనకి బహుమతి ఇవ్వబోతున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో స్టేజీ ఎక్కడం ఇదే మొదలు, లెక్క ప్రకారం ఇదే ఆఖరు. షీల్డు పట్టుకుని, పెద్దసాబ్ పక్కన నిలబడి, జుట్టుతో సహా ఒక ఫొటో. అది ముందు గదిలో తలుపెదురుగా గోడకి తగిలించాలి. ఆ ఫొటో కోసం మేకు అప్పుడే కొట్టేశాడు కూడా.

బహుమతి వచ్చింది సెలవుల సెక్షన్లో ఆయన చేసిన సేవకి. ఎవరి సెలవు చీటీ వచ్చినా శంకరరావు కారణం చూసేవాడు. కారణం చావు అయితే ఇంకా బాగా చూసేవాడు. ఆయన సొరుగులో ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి ఉంది. సెక్షన్లో ఎవరెవరి బంధువులు ఎప్పుడు, ఎన్నోసారి చనిపోయారో తారీఖులతో సహా అందులో ఎక్కించేవాడు. ఒకాయన అమ్మమ్మ ఏడేళ్ళలో మూడుసార్లు పోయిన సంగతి బయటపెట్టింది ఆ రిజిస్టరే. ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ పోవడానికి వీల్లేదనీ, రిజిస్టర్లో కొట్టివేతలు ఉండకూడదనీ ఆయనే రూలు పెట్టాడు.

వారోత్సవం పుస్తకంలో బహుమతులవాళ్ళ ఫొటోలు వేస్తామని, ఫొటో పెన్‌డ్రైవులో కావాలని ఆఫీసువాళ్ళు అడిగారు. అది రెండువేల ఎనిమిది. శంకరరావు ఇంట్లో కంప్యూటరు అప్పటికి ఏడాదిగా ఉంది గానీ, దాని మీద గుడ్డ కప్పడం తప్ప ఆయనకి ఇంకేం రాదు. దాంతో పని ఉన్నది కూతురు భవితకి.

భవిత డిగ్రీ అయ్యాక తెలిపారా బజార్లో ఒక మేడమీద డిజిటల్ స్కల్ప్టింగ్ కోర్సులో చేరింది. అంటే కంప్యూటర్లో శిల్పాలు చెక్కడం. మట్టి చేతికంటదు, ఉలి ఉండదు, అంతా మౌసుతోనే. మొదలుపెట్టేవాళ్ళకి తొమ్మిది అభ్యాసాలిచ్చారు. తెరమీద బూడిదరంగు బంతి ఒకటి ఇస్తారు. దాన్ని నొక్కి, లాగి, గిల్లి మొదటివారం యాపిల్ పండు చెయ్యాలి. భవిత చేసినదాన్ని చూసి, బంగాళాదుంప బాగా కుదిరిందని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వెల్లుల్లిపాయ, తర్వాత అరిగిపోయిన చెప్పు, తర్వాత పది చెవులు. ఆ వారమంతా తెరనిండా చెవులే ఉండటంతో, శంకరరావు తల్లి అప్పలనర్సమ్మ ఆ గదిలో కోడలి గురించి మాట్లాడ్డం మానేసింది.

ఆఖరిదైన తొమ్మిదో అభ్యాసం, ఇంట్లో ఒక మనిషి తల. భవిత తండ్రి తలని ఎంచుకుంది. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీసుకుని, చూస్తూ చెక్కాలి. జుట్టూ కళ్ళూ కష్టం కాబట్టి అవి రెండో కోర్సులో వస్తాయి. మొదటి కోర్సు తలకి గుండు ఉండాలి, కళ్ళు మూసి ఉండాలి. పని సులువు కావడానికి ఇంకో ఏర్పాటుంది. మొహంలో ఒకవైపు చెక్కితే రెండోవైపు దానంతటదే చెక్కుకుంటుంది. శంకరరావు కుడిచెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉంది. భవిత దాన్ని ముచ్చటపడి పెట్టింది. ఎడమచెంప మీద అదే ఇంకోటి మొలిచింది. రాత్రీపగలూ చెక్కిన అలసటలో ఆ పిల్ల అది గమనించలేదు.

కోర్సు నేర్పే ఠాకుర్ సర్ ఆ తలని రెండుసార్లు తిప్పికొట్టాడు. తెరవంక చూసి, "యే కౌన్ హై?" అన్నాడట, ఇదెవరు అని. వచ్చే బుధవారం ఆఖరి గడువు. అప్పటికీ పోలిక రాకపోతే భవిత తప్పినట్టే. తప్పితే బొమ్మల చదువు కట్టిపెట్టి బ్యాంకు పరీక్షల కోచింగులో చేరాలని తల్లి మాధవీలత షరతు పెట్టింది. భవిత ఒప్పుకుంది గానీ, అప్పట్నుంచీ అన్నం దగ్గర కూడా తండ్రి ముక్కు కేసే చూస్తోంది.

"పెన్‌డ్రైవ్ ఎక్కడమ్మా?" అన్నాడు శంకరరావు స్నానాలగది తలుపు కొట్టి.

"టేబుల్ మీదుంది నాన్నా! అందులో 'నాన్న ఫొటో' అని ఉంటుంది, వహీ దేనా! రెండోది ముట్టుకోవద్దని చెప్పండి, అచ్ఛా?"

"అచ్ఛా, అచ్ఛా," అన్నాడు శంకరరావు అద్దంలో పాపిడి చూసుకుంటూ. ఆ మాట చెవినుంచి బుర్రలోకి వెళ్ళే దారిలో జుట్టు బాగా అడ్డొచ్చింది. పెన్‌డ్రైవులో 'నాన్న ఫొటో' అని ఒకటి, 'నాన్న ఫైనల్' అని ఒకటి ఉన్నాయి. ఫైనల్ అని రాసి ఉన్నదాన్ని వదిలేసి ఇంకోటి తీసుకునే గుమస్తా ఏ ఆఫీసులోనూ పుట్టలేదు. పుస్తకం నలుపు తెలుపులో అచ్చవుతోంది, ఫొటో సైజు అంగుళం. బూడిదరంగు బొమ్మకీ మనిషి చర్మానికీ అక్కడ తేడా ఏముంటుంది?

పెన్‌డ్రైవ్ ఇచ్చేసి, రిజిస్టరు పక్క బల్ల పైడిరాజుకి అప్పగించి, శంకరరావు గురు, శుక్రవారాలు సెలవు పెట్టాడు. కారణం దగ్గర 'సొంత పని' అని రాశాడు. ఆ సొంత పని కోటు. తెలిపారా దర్జీ కొలతలు తీసుకున్నాడు, కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. ఇంటిదగ్గర మాధవీలత స్టీలుపళ్ళెం అందిస్తుంటే, కుడిచేత్తో కరచాలనం చేస్తూ ఎడంచేత్తో షీల్డు ఎలా పుచ్చుకోవాలో సాధన చేశాడు. శుక్రవారం ఆఫీసులో పుస్తకాలు పంచారని ఆయనకి తెలీదు.

ఆదివారం పదిన్నరకి కోటు పూర్తయింది. సంచిలో పెడితే మడత పడుతుందని దర్జీ భయపెట్టడంతో, ఏప్రిల్ ఎండలో దాన్ని తొడుక్కునే ఆటో ఎక్కి ఇల్లు చేరాడు శంకరరావు. గుమ్మం ముందు ఎనిమిది జతల చెప్పులున్నాయి. అభినందనలు చెప్పడానికి వచ్చారనుకుని పాపిడి సర్దుకుని లోపలికి వెళ్ళాడు.

ముందు గదిలో ఆఫీసువాళ్ళు ఎనిమిదిమంది కుర్చీల అంచుల మీద, చాప మీద తలలు వంచుకుని కూర్చున్నారు. ఇచ్చిన మంచినీళ్ళు ఎవరూ ముట్టలేదు. మధ్యలో అప్పలనర్సమ్మ చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కన పైడిరాజు ఆవిణ్ణి ఓదారుస్తున్నాడు. భార్యా కూతురూ కూరలకి వెళ్ళారన్న సంగతి మర్చిపోయి, శంకరరావు అక్కడే చల్లబడిపోయాడు.

"ఎవరు?" అన్నాడు.

"ఒరే శంకరం, వచ్చీసావా నాయినా!" అంది తల్లి ముక్కు చీదుతూ. "ఎవులో మాలచ్చిమిలాటి మడిసిరా, పోనాదట. డెబ్బై తొమ్మిదేళ్ళట, నా ఈడుదే. ఒక్కడే కొడుకట. ఆ కొడుకు తల్లి సావు దాసీసినాడట్రా! ఎందుకనుకున్నావు? స్టేజీ ఎక్కి పెద్దాపీసరు సేత బవుమతి పుచ్చుకుందుకట! ఇలాటి కొడుకులుంటారేట్రా, ఆడి కడుపు కాలా!"

"అమ్మా, ఆ కొడుకు ఈయనే," అన్నాడు పైడిరాజు మెల్లిగా.

పైడిరాజు మంచివాడే. ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్ళయింది. ఈ ఇంటికి ఎప్పుడూ రాలేదు. శంకరరావుకి తల్లి ఉందని, ఆవిడ వయసెంతో తెలుసు గానీ మనిషిని చూడలేదు. గుమ్మంలో కనబడిన ఆవిణ్ణి ఊరినుంచి పరామర్శకి వచ్చిన పెద్దమ్మో పిన్నమ్మో అనుకున్నాడు. ముప్పై రెండో ఏటనే తల మొత్తం ఖాళీ అయిన మనిషి కావడంతో, శంకరరావు జుట్టు మీద ఆయనకి మొదట్నుంచీ నమ్మకం లేదు. ఇప్పుడు లేచొచ్చి దాన్ని పరీక్షగా చూశాడు.

"ఇంటికాడ కూడా ఏటండీ ఇది? తీసియ్యండి. మేమేటి పరాయోళ్ళమా? బయట ఎండలు మండిపోతన్నాయి."

"ఏం తియ్యమంటారు?"

"విగ్గు."

శంకరరావు నోరు తెరిచేలోగానే పైడిరాజు రెండు చేతులూ వేసి, ఆప్యాయంగా, బలంగా లాగాడు. శంకరరావు కెవ్వుమన్నాడు. పైడిరాజు వెనక్కి తిరిగి, "బాగా అతికించీసినారు," అన్నాడు మిగతావాళ్ళతో. వాళ్ళు సానుభూతిగా తలలూపారు.

అప్పుడు వారోత్సవం పుస్తకం బయటికొచ్చింది. శంకరరావు చూశాడు. పేరు తనదే, హోదా తనదే. పైన నున్నటి గుండుతో, మూసిన కళ్ళతో, లోకం మీద విరక్తి పుట్టిన మొహం ఒకటి ఉంది. తల్లో తండ్రో పోతే తప్ప తెలుగు మగాడు గుండు గీయించుకోడు, మొక్కుంటే తప్ప. మొక్కైతే ఊరంతా చెప్పుకుని లడ్డూలు పంచుతాడు. లడ్డూలు రాలేదు. మనిషి రెండురోజులు సెలవు. కారణం 'సొంత పని'. ఇంతకంటే సాక్ష్యం ఎవరిక్కావాలి?

"ఇది నేను కాదు!" అన్నాడు శంకరరావు. "మా అమ్మాయి అభ్యాసం!"

"అభ్యాసమేటండీ?"

"కంప్యూటర్లో చెక్కింది. తొమ్మిదోది. కళ్ళూ జుట్టూ తర్వాతి కోర్సులో వస్తాయి."

ఎనిమిదిమందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సెలవు చీటీ పట్టుకొచ్చినవాళ్ళని ముప్పై ఏళ్ళుగా శంకరరావు ఎలా చూశాడో, సరిగ్గా అలా చూసుకున్నారు. చాప మీంచి సూర్యం అనే టైపిస్టు గొంతు సవరించుకున్నాడు. "సార్, మా తాతగారు పోయినప్పుడు మీరు నన్ను శ్మశానం రసీదు అడిగారు. నేనేమైనా అనుకున్నానా? తెచ్చి ఇచ్చాను. మీరు మాత్రం ఇలా బొమ్మలూ అభ్యాసాలూ అంటే బావుండలేదు సార్."

"మచ్చ చూడండి! నాకు ఒక్కటే. ఆ బొమ్మకి రెండున్నాయి!"

పైడిరాజు పుస్తకాన్ని కంటి దగ్గర పెట్టుకున్నాడు. "ఈగ వాలుంటాది. దుక్కంలో ఉన్నోడు ఈగల్ని తోలుకుంటాడేటి?"

ఇంక గత్యంతరం లేక శంకరరావు తల్లిని రెండు భుజాలూ పట్టుకుని వాళ్ళముందు నిలబెట్టాడు. "నాకున్నది ఒక్కత్తే తల్లి. ఆవిడ ఈవిడే. పేరు అప్పలనర్సమ్మ. కావలిస్తే అడగండి!"

అప్పలనర్సమ్మ చెంగు దించి, కళ్ళు తుడుచుకుని, పైడిరాజు కేసి తిరిగింది.

"అయితే బాబూ, గంటసేపట్నుంచీ నన్ను ఏడిపించినాది నా సావుకేనేటి?"

పైడిరాజు లేచి గుమ్మం కేసి నడిచాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. చావింటినుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు. బతికున్న ఇంటినుంచి చెప్పకుండా వెళ్ళకూడదు. ఇది ఏ ఇంటి కిందికొస్తుందో తేల్చుకోలేక కాసేపు గుమ్మంలో తచ్చాడి, చివరికి ఒకరి చెప్పులొకరు వేసుకుని పోయారు.

భవిత కూరలసంచితో వచ్చేసరికి ఇల్లు కురుక్షేత్రంలా ఉంది. తండ్రి అరిచినదంతా తల వంచుకుని వింది. విన్నాక, "సారీ నాన్నా," అంది. తర్వాత నెమ్మదిగా, "అంటే ఆఫీసులో అందరూ అది ఫొటో అనుకున్నారా? సచ్మే? ఒక్కళ్ళకి కూడా డౌట్ రాలేదా?" అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోవడం చూసి శంకరరావుకి ఇంకా మండింది.

అసలు గొడవ అప్పుడింకా మొదలవలేదు. మధ్యాహ్నం అప్పలనర్సమ్మ అన్నానికి రాలేదు. మంచం మీద గోడ కేసి తిరిగి పడుకుంది. సాయంత్రం టీ తాగలేదు. దీపాలు పెట్టాక లేచి కూర్చుని తీర్పు చెప్పింది.

"పొద్దున్నే మంగలిని పిల్సుకొచ్చి గుండు గీయించీసుకో."

"ఎల్లుండి స్టేజీ ఎక్కాలమ్మా! ఎందుకు గుండు?"

"సింహాద్రప్పన్నకి మొక్కీసుకున్నాను. పల్నేదు, ఇక్కడే తీయించి ఎంటికలు మూటగట్టి పంపిద్దుం."

"బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడతావేంటి? అది బొమ్మమ్మా. పిల్ల ఆడుకుంటూ చేసిన బొమ్మ!"

"నాకు తెల్సురా," అంది అప్పలనర్సమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. "నాకు సావంటే బయం నేదు. కానీ నువ్వు నా కోసం గీయించుకున్న గుండు నాను సూడకూడదు గదా. ఏ తల్లీ సూడదు. నానది అచ్చులో సూసీసినాను. కళ్ళు మూస్తే అదే కనబడతన్నాది. దేవుడికిచ్చీసినావనుకో, అది అప్పన్న గుండయిపోద్ది, నా గుండు కాదు. అప్పుడు నిద్దరోతాను."

ఆవిడ చెంగు అంచుని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. చెప్పద్దూ, శంకరరావుకి జుట్టంటే ప్రాణం. కానీ తల్లి భయపడుతోందని అది చూశాక గానీ ఆయనకి తట్టలేదు. గోడమీది మేకు కేసి ఒకసారి చూసి, బాత్రూములోకి వెళ్ళి, అద్దంముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎప్పటిలా పాపిడి తీశాడు. ఆఖరిసారి కదా అని కుడివైపు కూడా తీసి చూశాడు. అది ఏం బాలేదు.

సోమవారం ఏడింటికి వచ్చిన మంగలి ఆ జుట్టు చూసి కత్తి కిందపెట్టేసి, "కౌన్ గుజర్ గయా, బాబూజీ?" అన్నాడు. ఎవరూ పోలేదని శంకరరావు చెప్పాడు. పాపం, మనిషికి ఇంకా నమ్మబుద్ధి కావడం లేదనుకుని మంగలి తలాడిస్తూ పని కానిచ్చాడు. అప్పలనర్సమ్మ ఆ గుండుని రెండు చేతులా తడిమి, పసుపూ గంధం రాసి, రెండు కంచాల అన్నం తింది.

ఆదివారం సాయంత్రమంతా పైడిరాజు సైకిలు మీద తిరిగి, శంకరరావు తల్లి బతికే ఉందనీ, తను స్వయంగా మాట్లాడాననీ ఇంటింటికీ చెప్పొచ్చాడు. సోమవారం పది గంటలకి శంకరరావు గుండుతో సెక్షన్లోకి అడుగుపెట్టేసరికి పైడిరాజు చేతిలో టీ ఒలికిపోయింది.

"నిన్నే గదండీ నాతోటి మాటాడినాది!" అన్నాడు బావురుమంటూ. "నా మాటలకే గుండాగిపోనాదేటి?"

"ఆవిడ బతికే ఉందయ్యా! పొద్దున్న రెండు కంచాలు తింది!"

"అలాగే అనిపిస్తాది పాపం, మొదటి రోజు," అన్నాడు పైడిరాజు, కళ్ళు తుడుచుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెడుతూ. సెక్షన్ రెండు పార్టీలుగా చీలిపోయింది. ముసలావిడ నిన్న రాత్రి పోయిందని కొందరు. ఎప్పుడో పోయింది, నిన్న చూపించింది వేరే ఆవిణ్ణి, ఇవాళ విగ్గు తీశాడని కొందరు. పోయిందన్న విషయంలో మాత్రం రెండు పార్టీలూ ఒకటే.

శంకరరావు సొరుగు లాగి ఎర్ర రిజిస్టరు తీశాడు. అనుకున్నంతా అయింది. శుక్రవారం తారీఖున, పైడిరాజు గుండ్రటి దస్తూరీతో, 'శంకరరావుగారు, మాతృవియోగం, మొదటిసారి' అని ఎక్కి ఉంది.

ఆయన ఆ రిజిస్టరు పట్టుకుని నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. ఆఫీసరు లేచి నిలబడి, కుర్చీ చూపించి, గుండు వంక బాధగా చూశాడు. తల్లి క్షేమంగా ఉందని శంకరరావు మూడుసార్లు చెప్పాడు. ఆఫీసరు మూడుసార్లూ విన్నాడు.

"బతికున్నట్టు ఏమైనా కాగితం ఉందా?" అన్నాడు చివరికి.

"పోయినట్టు కాగితం ఉందేమో అడగండి సార్!"

"ఛ ఛ. చావు కాగితం అడిగేటంత కఠినాత్ములెవరూ ఈ ఆఫీసులో లేరు శంకరరావ్‌జీ," అన్నాడు ఆఫీసరు, ఆ పని చేసేది ఎదురుగా ఉన్న మనిషేనని మర్చిపోయి. "ధైర్యంగా ఉండండి. ఇంత దుఃఖంలోనూ డ్యూటీకొచ్చారని పెద్దసాబ్‌కి నేను చెబుతాను. మీ బహుమతి ఎక్కడికీ పోదు."

ఆ ఆఖరి మాట విని శంకరరావు ఇంక నోరెత్తలేదు. గుండైతే అయింది, ఫొటో దక్కింది. రేపు తల్లిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడితే అన్నీ వాటంతటవే తేలిపోతాయనుకున్నాడు.

మంగళవారం సాయంత్రం అప్పలనర్సమ్మ పట్టుచీర కట్టుకుని, కోడలి భుజమూ మనవరాలి చెయ్యీ పట్టుకుని వచ్చి, ముందు వరసలో సరిగ్గా మధ్యన కూర్చుంది. శంకరరావు కోటులో చెమటలు కక్కుతూ స్టేజీ ఎక్కాడు. సాధన చేసినట్టే కుడిచెయ్యి కలిపాడు, ఎడమచేత్తో షీల్డు అందుకున్నాడు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. పళ్ళు కనబడేలా నవ్వడానికి శంకరరావు సిద్ధమవుతుండగా, పెద్దసాబ్ ఆయన్ని ఒక్క నిమిషం ఆగమని, మైకు ముందుకి వంగాడు.

ఈ సోదరుడి మాతృమూర్తి ఇటీవలే స్వర్గస్థులయ్యారని హిందీలో చెప్పాడు. అయినా డ్యూటీ తప్పలేదన్నాడు. ఆ తల్లి ఆత్మశాంతి కోసం సభ అంతా లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నాడు.

నాలుగొందల కుర్చీలు చప్పుడు చేశాయి. హిందీ సగమే అర్థమైన అప్పలనర్సమ్మ, అందరూ లేవడం చూసి తనూ లేచింది.

"ఎవులే పోనోరు?" అంది మనవరాలి చెవిలో.

"నువ్వే మామ్మా," అంది భవిత.

"ఆఁ?"

"తర్వాత చెప్తాను. పెహలే కళ్ళు మూసుకో."

అప్పలనర్సమ్మ పెద్దమనిషి. సభా మర్యాద తెలిసినావిడ. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, తన ఆత్మశాంతి కోసం తనే నిష్ఠగా ప్రార్థించింది. స్టేజీ మీంచి శంకరరావు నోరు తెరవబోయాడు. పక్కన పెద్దసాబ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన మౌనంలో ఉండగా మాట్లాడిన ఉద్యోగి ఆ ఊళ్ళో ఇంతవరకూ లేడు. చేసేదిలేక శంకరరావు కూడా కళ్ళు మూసుకున్నాడు. ఫొటోగ్రాఫరు ఆ పవిత్రక్షణాన్ని వదల్లేదు. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీశాడు.

మౌనం అయ్యాక పైడిరాజు కళ్ళు తెరిచి, ముందు వరసలో పట్టుచీర చూసి, కుర్చీలో కూలబడ్డాడు. తేరుకున్నాక వచ్చి అప్పలనర్సమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మెట్లు దిగివచ్చిన శంకరరావు ఆయన చెయ్యి పట్టుకుని, రేపు పొద్దున్నే రిజిస్టర్లో ఆ ముక్క కొట్టెయ్యమన్నాడు.

"కొట్టివేతలు ఉండకూడదని మీరే రూలెట్టినారు గదండీ," అన్నాడు పైడిరాజు నొచ్చుకుంటూ. "ఆవిడ ఒకసారి పోయినట్టు ఎక్కిపోనాది. మళ్ళీ పోతే సెలవు రాదు."

అప్పలనర్సమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "సెలవియ్యరా? అయితే పోనీలే, నువ్వు రిటైరయ్యేదాకా ఆగుతాను," అంది కొడుకుతో.

ఆ మాట విని శంకరరావు గట్టిగా నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి. అప్పటికి ఫొటోగ్రాఫరు కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు.

బుధవారం పొద్దున్న ఫొటోలు ఇంటికొచ్చాయి. షీల్డు సగమే పడింది. పెద్దసాబ్ మోచెయ్యి పడింది. మిగతా ఫొటో అంతా గుండే. మూసిన కళ్ళూ, లోకం మీద విరక్తీ. మేకు దాకా తీసుకెళ్ళి, తగిలించడానికి చెయ్యి రాక శంకరరావు నిలబడిపోతే, భవిత ఆ రెండు ఫొటోలూ ఆయన చేతిలోంచి లాక్కుని చెప్పులేసుకుని తెలిపారా పరిగెత్తింది.

ఠాకుర్ సర్ తెరమీది తలనీ, బల్లమీది ఫొటోలనీ మార్చి మార్చి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "అబ్ హుయీ నా బాత్!" అని, అంటే ఇప్పుడు కుదిరిందని, బల్ల మీద కొట్టి, పోలిక ఇంత బాగా కుదిరిన తొమ్మిదో అభ్యాసం తన దగ్గర ఎవరూ చెయ్యలేదని, భవితని రెండో కోర్సులో చేర్చుకున్నాడు. నూటికి తొంభై తొమ్మిదిన్నర వేశాడు. నాన్న మొహంలో ఒక పుట్టుమచ్చ తక్కువైనందుకు అర మార్కు కోశాడు.